చిన్న ఇల్లయినంత మాత్రాన కరెంటు చిన్నదైపోదు

“టైనీ హౌస్‌కి ఎలక్ట్రీషియన్ ఎందుకండీ? నాలుగు లైట్లు, రెండు ప్లగ్గులు. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) పెడితే షాక్ భయం లేదు. సోలార్ పెట్టి 12 వోల్టులు వాడితే అసలు ప్రమాదమే లేదు. లైటు వెలిగిందా, పని అయిపోయినట్టే.” ఈ మెసేజ్ నాకే మూడుసార్లు వచ్చింది. సొంతంగా వైరింగ్ నేర్చుకోవడం మంచిదే, నేనూ అలా నేర్చుకున్నవాణ్నే. నా పేచీ ఈ మాటలతోనే.

ఇల్లు చిన్నదని గీజరు తక్కువ కరెంటు తీసుకోదు. 2000 వాట్ల గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1500 వాట్ల ఏసీ కలిసి నడిస్తే 230 వోల్టుల దగ్గర సుమారు 24 ఆంప్స్. పైగా ఈ ఇళ్ల గోడల్లో ఫోమ్ దట్టిస్తారు. అందులో కూరుకుపోయిన వైరు చల్లబడదు, కాబట్టి ఇంకాస్త లావుది వేయాల్సి రావచ్చు.

ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి ఒక ఆంపులో పదో వంతు చాలు. 16 ఆంప్స్ ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. 30 మిల్లీయాంప్స్ లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ విడిగా ఉండాలి.

ఇక 12 వోల్టులు. షాక్ మాట నిజమే, మామూలుగా కొట్టదు. భయం మంటతో. 1200 వాట్లు కావాలంటే 230 వోల్టుల దగ్గర ఐదు ఆంప్స్ పైచిలుకు చాలు, 12 దగ్గర 100 ఆంప్స్ లాగాలి. అంత కరెంటులో ఒక్క స్క్రూ వదులైనా ఆ జాయింటు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. నా బ్యాటరీ పెట్టెలోంచి ఆ వాసన వచ్చాకే నాకు బుద్ధొచ్చింది. స్పానర్ జారి రెండు టెర్మినల్స్ మీద పడితే వందల ఆంప్స్ పారతాయి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఇంటికొచ్చే ఏసీ కరెంటుకి (దిశ మారుతూ ఉండేది) చేసిన బ్రేకర్‌ని బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుకి (ఒకే దిశలో పారేది) వాడొద్దు. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు ఆర్క్, అంటే బ్రేకర్ తెరుచుకునేటప్పుడు లోపల పుట్టే మెరుపు, ఆరే వీలుంటుంది. డీసీకి ఆ అవకాశమే లేదు.

అన్నిటికన్నా మోసం చేసేది ఆ మెసేజ్‌లో ఆఖరి మాట, ‘లైటు వెలిగిందా, పని అయిపోయినట్టే’ అన్నది. స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌లో వేసినా లైటు వెలుగుతుంది, ఆర్పాక కూడా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చే చేతికి తెలుస్తుంది ఆ సంగతి. ఎర్త్ వైరు మధ్యలో తెగినా లైటు వెలుగుతుంది. అందుకే పైపులు, వైర్లు, బాక్సులు నేనే బిగించుకున్నా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ సరిచూసి, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్‌ని పరీక్షించే మీటరు) పెట్టి ప్రతి లైనూ చూసేదాకా మెయిన్ ఆన్ చేయను.