ఆల్టో ఎగిరిపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

మా మేనల్లుడు కారు కొన్నాడు. 2013 మోడల్ ఆల్టో 800, లక్షా అరవై వేలు. నంబరు ప్లేటు ఇంకా ఏపీ 28తోనే మొదలవుతుంది, అంటే ఈ కారు తెలంగాణ రాష్ట్రం కంటే వయసులో పెద్దది. ఆ పెద్దరికాన్ని గౌరవించాల్సిందే. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, ఇంటికైనా రాకుండా వాడు నేరుగా కారు సామాన్లు అమ్మే రాణిగంజ్ వెళ్లాడు. సాయంత్రానికి కారుకు వెనక తోక మొలిచింది.

తోక అనకూడదట. "స్పాయిలర్ మామా" అన్నాడు. నాలుగున్నర వేలు.

స్పాయిలర్ అంటే ఏమిటో తెలియని పామరుల కోసం రెండు ముక్కలు. కారు విపరీతమైన వేగంతో పోయేటప్పుడు పైనుంచి జారే గాలి దాని వెనక భాగాన్ని పైకి లేపాలని చూస్తుంది. ఆ గాలి ఆటలు సాగకుండా అడ్డుపడేదే స్పాయిలర్. రేసు కార్లకు పెడతారు, చాలా మంచి సాధనం. మా వాడి కారులో ఉన్నది 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నలభై ఎనిమిది గుర్రాలు. ఏసీ వేయగానే వాటిలో కొన్ని సెలవు పెట్టి వెళ్లిపోతాయి. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఏసీ ఆపి, వాటిని బతిమాలి వెనక్కి పిలిపించుకోవాలి. అయినా ముందుజాగ్రత్తను తప్పు పట్టకూడదు. వాడు ఆఫీసు నుంచి వచ్చేది అమీర్‌పేట మీదుగా. సాయంత్రం ఆరున్నరకు మైత్రీవనం దగ్గర కార్లు ఏ వేగంతో దూసుకుపోతాయో మీకు చెప్పాలా? మిర్చి బజ్జీల బండి వాడు తోసుకుంటూ మనల్ని దాటేసి, ముందు సిగ్నల్ దగ్గర ఒక వాయి వేయించి, అమ్మేసి, మనం వచ్చేసరికి మూకుడు కడుగుతుంటాడు.

అలాంటి చోట స్పాయిలర్ లేని ఆల్టో గతి ఏమిటో ఒక్కసారి ఊహించండి. ముందు ఆర్టీసీ బస్సు అంగుళం కదిలింది. మా వాడు ఫస్టు గేరు వేశాడు. అంతే, గాలి అందుకుంది. మొదట వెనక చక్రాలు లేచాయి, తర్వాత ముందు చక్రాలు. కోచింగ్ సెంటర్ల బోర్డుల పక్క నుంచి ఆల్టో పైకి పోతోంది. మెట్రోలో నిలబడ్డవాళ్లు ఫోన్ల నుంచి తలెత్తి చూశారు. "కూర్చోవడానికి చోటుందా?" అని ఒకాయన కిటికీలోంచి సైగ చేశాడు. కింద ట్రాఫిక్ కానిస్టేబుల్ తడబడలేదు. కెమెరా పైకెత్తి, నంబరు ప్లేటు స్పష్టంగా పడేలా ఫోటో తీశాడు. చలానా ఇంటికి వస్తుంది: రాంగ్ రూటు. ఇంత విపత్తును నాలుగున్నర వేలతో ఆపిన కుర్రాణ్ని ఏమనగలం?

తోక మొలిచాక ఆల్టోకు గొంతు కావలసి వచ్చింది. ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు అనే పెద్ద స్పీకరు డబ్బా, టచ్ స్క్రీను కలిపి ముప్పై ఒక్క వేలు. ఆల్టో డిక్కీ 177 లీటర్లు. ఆ డబ్బా పెట్టాక మిగిలిన చోటులో ఒక గొడుగు పడుతుంది, అదీ మడిచేదయితే. స్టెప్నీ ఉండేది ఆ డబ్బా కింద. పంక్చరైతే ముందు సంగీతాన్ని రోడ్డు మీదకు దించి, తర్వాత టైరు తీయాలి. మా అమ్మ ఊరినుంచి తెచ్చిన ఆవకాయ జాడీని నా ఒళ్లో పెట్టుకుని ఎల్బీనగర్ నుంచి ఇంటిదాకా వచ్చాను. పాట మొదలైతే జాడీలో నూనె అలలై లేచింది.

అద్దాలకు అంటించే నల్ల ఫిలిం సంగతి ఎత్తను. 2012లో సుప్రీంకోర్టు వద్దంది. అప్పటినుంచి రాణిగంజ్‌లో అంటించడం, చౌరస్తాలో పోలీసులు గీకడం, ఇద్దరికీ చేతినిండా పని.

లైట్ల గురించి మాత్రం ఊరుకోలేను. హాలోజన్ బల్బులు పీకించి తెల్ల ఎల్ఈడీలు పెట్టించాడు. ఆ లైటు వెనక ఉండే అద్దపు గిన్నెను బల్బులో తీగ ఎక్కడ వెలుగుతుందో లెక్కగట్టి, దానికి తగ్గట్టు వంచుతారు. తీగ ఉండాల్సిన చోట ఇంకేదో వెలిగితే, కాంతి రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. "ఎట్లుంది మామా?" అని అడిగాడు. నేను కారు ముందు నిలబడి ఉన్నాను. ఎట్లుందో చూడ్డానికి కళ్లు కనిపించలేదు.

ఇక సీటు కవర్లు. ఏడున్నర వేలు. ఎర్ర దారంతో డైమండు కుట్లు వేసిన నల్ల రెగ్జిను. షాపువాడు "అన్నా, ఇగ లోపల కూసుంటే కోటి రూపాయల కారు లెక్కనే" అన్నాడట. కూర్చున్నాం. మొన్న వానలో నేను ముందు, మా అమ్మ వెనక. లక్డీకాపూల్ దగ్గర యథావిధిగా నీళ్లు. ముందు ఆటో ఆగింది. వీడు బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. సబ్బు బిళ్లలా జారి, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. అమ్మ నుదురు నా సీటు వెనకకు కొట్టుకుంది.

"బెల్టు పెట్టుకోలేదేంటమ్మా" అని కసిరాను. "బెల్టు ఉంది గానీ నాయనా, దాన్ని గుచ్చేది ఎక్కడుందో కనపళ్లేదు" అంది.

కనపడదు. ఎందుకంటే కవరు కుట్టినవాడు వెనక సీటు బకిల్సు మూడింటినీ లోపలికి తోసి, పైన రెగ్జిను లాగి కుట్టేశాడు. లుక్కు చెడిపోతుందని! డెబ్బై రెండేళ్ల మనిషి నుదుటి మీద బొప్పి కట్టింది, వాడి డైమండు కుట్టు మాత్రం చెక్కు చెదరలేదు. ఏం మనుషులురా మీరు? ఆ బెల్టు చూడ్డానికి బాగోదని పూడ్చిపెడతారా? సీటు బెల్టు అలారం నోరు నొక్కే క్లిప్పులు అమ్ముతున్నారని 2023లో కేంద్ర వినియోగదారుల సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్లకు నోటీసులిస్తే, తీసేయాల్సి వచ్చిన లిస్టింగులు 13,118. చావు నుంచి కాపాడే వస్తువును పనిచేయకుండా చేయడానికి ఇంత సరుకు, ఇంత గిరాకీ! ఆ రాత్రి నా గడ్డం బ్లేడుతో ఆ కవర్లు చీరేసి బకిల్సు మూడూ బయటికి లాగాను. మా వాడు "మామా, ఏడున్నర వేలు మామా" అంటూ పక్కన నిలబడి చూశాడు. అమ్మమ్మ బొప్పి చూసినప్పుడు కూడా అంత నీరసపడలేదు.

తర్వాత ఫోన్ టార్చి పట్టుకుని టైర్ల దగ్గర కూర్చున్నాను. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. ఇక్కడ తిరుపతి గుండులా నున్నగా ఉంది. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మట్టి పట్టి కనపడలేదు, రుమాలు తడిపి రుద్దితే బయటపడ్డాయి: 1716. అంటే 2016లో పదిహేడో వారం. పాత వెయ్యి నోటు చెల్లుతున్న రోజులు, అమీర్‌పేటకు మెట్రో ఇంకా రాని రోజులు.

"పన్నెండంగుళాల టైర్లురా, నాలుగూ కలిపి పన్నెండు వేలకు అటూ ఇటూ" అన్నాను. "ముందు బ్రేకు ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో షూలు చూపించు. బ్రేకు ఆయిల్ చెమ్మ పీల్చుకుంటుంది, అది మార్పించు. వైపర్ రబ్బర్లు వేయించు, వందల్లో పోయే పని. రివర్సు సెన్సర్లు కావాలంటే పెట్టించుకో, పనికొచ్చేవే." ఇప్పటికి యాభై వేలు దాటించిన పిల్లాడు తల గోక్కున్నాడు. "టైర్లకు బడ్జెట్ లేదు మామా. అయినా అవి ఎవరికి కనపడతయ్?"

నేను మాట్లాడలేదు. అది వాడికి తగిలినట్టుంది. నిన్న సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో పంపాడు, కింద "టైర్ల పని అయిపోయింది మామా" అని. నాలుగు టైర్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి మీదున్న అక్షరాలన్నింటికీ రేసు కార్ల టైర్లలా తెల్ల రంగు పూయించాడు. అంకెలకు కూడా. ఇప్పుడు టార్చీ అక్కర్లేదు, రుమాలూ అక్కర్లేదు. రోడ్డుకు అవతలి పక్క నుంచి కూడా చదువుకోవచ్చు: 1716.