మాత్రలు సరే, ముందు కల్చర్ చేయించాలి
ఎముకలు, కృత్రిమ కీళ్ల ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాలూ ఇంజెక్షన్లే అక్కర్లేదు, సరైన మాత్రలూ అంతే బాగా పనిచేస్తాయన్న మాట నిజం. బ్రిటన్‌లో 1,054 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ఒవీవా అధ్యయనంలో తేలింది కూడా ఇదే. మాలాంటి పర్లాకిమిడి వాళ్లకు అది పెద్ద ఊరట, రోజూ ఇంజెక్షన్ కోసం ఎంత దూరమని తిరుగుతాం? కానీ ఏ మాత్ర సరైనదో తెలియాలంటే ముందు క్రిమి ఏదో తెలియాలి కదా. దానికే కల్చర్, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష. అమ్మకు మార్చిన మోకీలు వాచి జ్వరమొస్తే, దగ్గర్లోని క్లినిక్‌లో ఏ పరీక్షా లేకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టేశారు. తర్వాత విశాఖలో కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు పంపితే, అప్పటికే వాడుతున్న యాంటీబయాటిక్ వల్ల ఏమీ పెరగలేదు. మందులు రెండు వారాలు ఆపి మళ్లీ తీశారు, అప్పుడు గానీ అది స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలలేదు. ఆ రెండు వారాలూ అమ్మ రాత్రుళ్లు నిద్రపోలేదు.