టర్బో చల్లారేదాకా

కారు కొన్నవాళ్లలో మనల్ని కారెక్కించేవాళ్లు కొందరు, కారును మన బుర్రకెక్కించేవాళ్లు కొందరు. మా బావ రెండో రకం.

బావకు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ వ్యాపారం. ఎండుమిరపకాయను రెండు వేళ్ల మధ్య విరిచి, ఆ చప్పుడును బట్టి తేమ చెప్పగలడు. అలాంటి మనిషి చిన్న టర్బో పెట్రోలు కారు కొన్న నాటి నుంచి తేజ, వండర్ హాట్, చపాటా అనే మిర్చి రకాల పేర్లు మార్కెట్లోనే వదిలేసి వస్తున్నాడు. ఇంటికొచ్చాక అంతా టార్కు, ఆర్పీఎం, బూస్టు. ఎవరైనా పలకరింపుగా ‘మైలేజీ ఎంత?’ అని అడిగితే చాలు, టీ చల్లారిపోతుంది.

ఆయనకు దీటైన శ్రోత ఇంట్లో ఒక్కరే, వాళ్ల నాన్న. ఇల్లంతా ఆయనను బాపు అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆయన చాలా కాలం ట్రాక్టరు నడిపిన మనిషి. ఇంజన్ అంటే బరువుండాలి, పొగ రావాలి, పక్క ఊరికి వినిపించాలి.

‘998 సీసీ, మూడు సిలిండర్లు, నూటికి పైగా హార్స్‌పవర్’ అన్నాడు బావ మొదటి రోజే.

‘మన ట్రాక్టరుకూ మూడు సిలిండర్లే. రెండు వేల సీసీకి పైమాటే. దానికే యాభై లేవు. నీ దానికి నూరు ఎక్కడి నుంచి వస్తాయిరా?’

‘గాలి నుంచి, బాపూ.’

ఇది నిజమే. టర్బో చేసే పని అదే. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. ఆ ఒత్తిడే బావ చెప్పే బూస్టు. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, అంత ఎక్కువ బలం. ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూషీ ఈ ఆలోచనకు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. బాపు అంతా విని, ‘ఊదుగొట్టంతో ఊదితే పొయ్యి మండుతుంది, కాదనను. ఊదేవాడి రొప్పు సంగతి చెప్పు’ అన్నారు.

మన్నిక మీద ఆయన పట్టు అది. బావ తగ్గుతాడా? ఫోర్డ్ తెచ్చిన ఒక లీటరు టర్బో ఇంజన్ బ్లాకు ఏ4 కాగితం మీద పట్టేదని, 2012 నుంచి వరసగా మూడేళ్లు అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్‌గా నిలిచిందని చెప్పాడు. అదే ఇంజన్‌లో ఆయిల్‌లో మునిగి తిరిగే బెల్టు అరిగి, ఆ పొట్టు ఆయిల్ దారికి అడ్డం పడుతోందని ఫిర్యాదులు వచ్చిన సంగతీ, తర్వాతి రకాల్లో బెల్టు బదులు చైన్ పెట్టిన సంగతీ మాత్రం చెప్పలేదు. సరుకులో తాలు ఉంటే బస్తా అడుగున ఉంచడం అడ్తిలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

నా మటుకు నాకు, ఇంజన్ ఇంత చిన్నది కావడానికి సైన్సు ఎంత కారణమో పన్ను అంత కారణం. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ దాటకుండా ఉంటే చిన్న కారు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40. ఆ గీత లోపలే ఉంటూ పెద్ద ఇంజన్ బలం కావాలంటే గాలి ఊదడం తప్ప దారేముంది? వ్యాపారి కాబట్టి ఈ ఒక్క ముక్క మాత్రం బావ నా నోటి నుంచి శ్రద్ధగా విన్నాడు.

కథ ఇంతటితో ఆగితే బాగుండేది. బావకు ఎవరో మెకానిక్ ఒక మంత్రం ఉపదేశించాడు: ‘టర్బో బండిని ఆపగానే ఆర్పకూడదు, చల్లారనివ్వాలి.’ దీనికీ ఆధారం ఉంది. గట్టిగా తోలినప్పుడు టర్బోను తిప్పే వాయువుల వేడి తొమ్మిది వందల డిగ్రీల దాకా వెళ్తుంది. ఇంజన్‌ను ఠక్కున ఆర్పితే ఆయిల్ ప్రవాహం ఆగి, ఇరుసు దగ్గర చిక్కుకున్న ఆయిల్ మాడి మసి కడుతుంది. వెనకటి డీజిల్ టర్బో బండ్లలో అద్దం పక్కన ఈ హెచ్చరిక అంటించేవారు కూడా. ఇప్పటి టర్బోల చుట్టూ చాలా వాటిలో నీళ్లు తిరుగుతాయి కాబట్టి మామూలు ప్రయాణానికి ఇంత తతంగం అక్కర్లేదు. కానీ మంత్రం పట్టినవాడికి సడలింపులు చెవికెక్కవు. నక్కలగుట్ట నుంచి సుబేదారి దాకా వెళ్లి పాలప్యాకెట్ తెచ్చినా, బావ ఇంటి ముందు ఇంజన్ ఆర్పకుండా స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. ఎదురింటివాళ్లకు ‘బయల్దేరుతున్నారా?’ అనాలో ‘ఇప్పుడే వచ్చారా?’ అనాలో తేలేది కాదు.

ఒక ఆదివారం అందరం మేడారం బయల్దేరాం. హనుమకొండలోనే ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాడు. డిక్కీలో అమ్మవార్లకు బెల్లం, అంటే అక్కడి మాటలో బంగారం. ఆత్మకూరు దాటాక ఇసుక లారీని దాటేటప్పుడు బావ ‘ఇదిగో, ఇప్పుడొస్తుంది చూడు బూస్టు’ అన్నాడు. క్షణం ఏమీ రాలేదు, తర్వాత ఒక్కసారిగా వచ్చింది. వెనక సీట్లో బాపు చేతిలోని మజ్జిగ సీసా ఆయన పంచె మీదికి వచ్చింది.

ములుగుకు ముందు గట్టమ్మ తల్లికి మొక్కకుండా మేడారం వెళ్లరు. అక్కడ ఆపాం. యథావిధిగా టర్బో చల్లారాలి. అయితే పూజారి లేస్తున్నాడని అక్క తొందరపెట్టడంతో, బావ ఇంజన్‌ను నడవనిచ్చి, తాళంచెవి దాని చోటే వదిలి, దిగి డిక్కీలోంచి కొబ్బరికాయలు తీసుకున్నాడు. బాపు చెప్పులు లోపలే విడిచి దిగారు. చివరగా మా మేనల్లుడు పింటు ముందు సీటు మీదుగా పాకి, దారిలో చేతికి తగిలిన మీటలన్నీ నొక్కి చూసి, వెనక తలుపులోంచి దూకి, ‘తలుపు గట్టిగా వేయాలి’ అన్న తండ్రి మాట ఆ ఒక్క పూట పాటించాడు.

టక్‌మంది.

బావ నాలుగు తలుపులూ లాగాడు. డిక్కీ లాగాడు. మళ్లీ మొదటి తలుపు లాగాడు, అది ఈలోగా మనసు మార్చుకుని ఉంటుందేమోనని. లోపల ఏసీ నడుస్తోంది, పాట నడుస్తోంది, ఇంజన్ నడుస్తోంది. మేం ఎండలో నిలబడ్డాం.

మన దగ్గర బండి ఆగిపోతే ముగ్గురు గుమిగూడుతారు. ఆగకపోతే ముప్పై మంది వస్తారని ఆ రోజే చూశాను. ఒక ఆటో డ్రైవరు స్టీలు స్కేలు తెచ్చి అద్దం సందులో దింపాడు. స్కేలు సగం దాకా దిగింది, తలుపు తెరుచుకోలేదు, స్కేలూ బయటికి రాలేదు. కొబ్బరికాయలమ్మే అవ్వ మంచి పీచున్న కాయ ఒకటి చేతికిచ్చి, ‘అద్దం మీద ఒక్కటి కొట్టు బిడ్డా, అమ్మవారికి కొట్టినట్టే’ అంది. ఒక పెద్దమనిషి సైలెన్సరులో గుడ్డ కుక్కితే ఇంజన్ తనంతట తానే ఆగుతుందన్నాడు. దాంతో బావ ఉగ్రుడయ్యాడు. ‘ఆ పొగతోనే కదయ్యా టర్బో తిరిగేది!’ అని మొదలుపెట్టి, కొబ్బరికాయ అలాగే చేత పట్టుకుని, రెండు చక్రాలు, ఇరుసు, రెండు లక్షల చుట్లు, అన్నీ చెప్పాడు. ఆయనకు అంత సభ దొరకడం అదే మొదలు.

‘ఇప్పుడు తిరుగుతోందా రెండు లక్షలు?’ అన్నాడు ఆటో డ్రైవరు.

‘నిలబడి ఉన్నప్పుడు అంత ఉండదు. బూస్టు దాదాపు ఉండదు.’

గట్టు మీద తువ్వాలు పరచుకుని కూర్చున్న బాపు తల తిప్పారు. ‘మరి ఇంతసేపటి నుంచి ఏం చల్లారుతోందిరా?’

ఇంతలో కారు కింద తడి కనిపించింది. ‘ఆయిల్ కారుతోంది!’ అన్నారెవరో. బావ తెల్ల చొక్కాతోనే నేల మీద పడుకుని, వేలు ముంచి, వాసన చూసి, అచ్చం మిరపకాయను చూసినంత శ్రద్ధగా రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. ఏసీ నీళ్లు. సరిగ్గా అప్పుడే రేడియేటరు ఫ్యాను బుర్రుమనడంతో తల పైకెత్తి బంపరుకు కొట్టుకున్నాడు.

మారు తాళం హనుమకొండ ఇంట్లో ఉంది. అక్క ఫోను, బావ ఫోను కార్లో ఉన్నాయి. నా ఫోనుంది గానీ అందులో వాళ్ల అమ్మగారి నంబరు లేదు. బావకు సొంత తల్లి నంబరు గుర్తులేదు. బాపు పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఆమె విని, ‘సరే, వెతుకుతా’ అని పెట్టేశారు. అయిదు నిమిషాలకు కార్లో పాట ఆగి, ఫోను మోగింది. తెర మీద పెద్ద అక్షరాలతో ‘అమ్మ’. ఏ బీరువాలో ఉందో అడగడానికి అలవాటుగా కొడుకు ఫోనుకే చేసింది ఆమె. ముప్పై మందీ అద్దాలకు ముఖాలు ఆనించి చూస్తుండగా అది మోగి మోగి ఆగింది. ఆ తర్వాత ఒక రైతు, ఒక హమాలీ, ఇంకెవరో ‘బాకీ సారయ్య’ వరసగా మోగారు. ఆ మూడో పేరు చూసి అక్క బావ వైపు చూసింది. బావ ఆకాశం వైపు చూశాడు.

చివరికి కింది వాటా కుర్రాడు తాళంచెవిని బస్టాండుకు తీసుకెళ్లి ములుగు బస్సు కండక్టరు చేతిలో పెట్టాడు. బస్సు వచ్చేదాకా ఏం చేస్తాం? పెట్రోలు అయిపోతే ఆగుతుందిలే అన్నాను. బావ లెక్క కట్టాడు. ఉత్తినే నిలబడి నడిస్తే, ఏసీతో కలిపినా, గంటకు లీటరు అటూ ఇటూ. నిండు ట్యాంకు. రేపు రాత్రి దాకా ఢోకా లేదు. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో దిగులూ ఉంది, గర్వమూ ఉంది.

బాపు లేచి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. కాసేపు అలాగే ఉంచి, వంగి చెవి పెట్టారు. ‘తడబాటు లేదు’ అన్నారు. ‘మూడు సిలిండర్లకు వణుకుండాలే, అదీ పెద్దగా లేదు.’ కొడుకు కారు గురించి ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది. దాన్ని వినాల్సిన కొడుకు అప్పుడు రోడ్డు మీద వచ్చే ప్రతి బస్సుకూ చెయ్యి ఎత్తుతున్నాడు.

కండక్టరు కిటికీలోంచి పొట్లం అందించాడు. తలుపు తెరుచుకుంది. లోపలి చల్లగాలి ముఖానికి కొట్టింది. నేను ముందు డ్యాష్‌బోర్డు అర తెరిచి కారు పుస్తకం తీశాను. దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. చింపి, ఆ పేజీ వెతికి, గట్టిగా చదివాను: వేగంగానో, ఎత్తుమీదికో బాగా తోలి వచ్చినప్పుడు కొద్దిసేపు నడవనిచ్చి ఆర్పితే చాలు.

‘ఆర్పు’ అంది అక్క.

బావ తాళంచెవి మీద చెయ్యి వేసి, నా చేతిలోని పుస్తకం వైపు, బాపు వైపు, బంపరు మీది మట్టి వైపు చూశాడు.

‘ఇంకొక్క అర నిమిషం’ అన్నాడు.