గేట్లు దించే తీరులో చేపల బతుకు

తుంగభద్ర వరద తగ్గిన మర్నాడు కర్నూలు దగ్గరి సుంకేసుల బరాజు దిగువకు వెళ్లేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. గేట్లు ఒక్కసారిగా దించాక నీరు జారిపోయి, బండల మధ్య గుంటల్లో జెల్లలు, పరిగెలు, జానెడు వాలుగ పిల్లలు చిక్కుకొని మొప్పలు ఎగరేస్తుంటాయి. కాకులు, కొంగలు తినగా మిగిలినవాటిని పిల్లలు తువ్వాళ్లతో ఎత్తుకుపోతారు. మధ్యాహ్నానికి గుంట వేడెక్కి తక్కినవి వెల్లకిలా తేలతాయి. దీన్ని నష్టంగా రాసుకునే పద్దు ఏ కార్యాలయంలోనూ కనిపించదు. నది మనకు క్యూసెక్కులు, టీఎంసీలు, అడుగుల లెక్క. అందులో ఎంత లోతున, ఎంత వడిన, ఏ నెలలో నీరుంటే ఏ చేప బతుకుతుందన్నది ఆ కార్యాలయాల లెక్క కాదు.

అది నదీ జీవశాస్త్రజ్ఞుల లెక్క. వారు ప్రవాహపు లోతును, వేగాన్ని, అడుగున ఉన్నది ఇసుకా గులకా బురదా అన్నదాన్ని కొలుస్తారు. నీటిలో కరిగిన ప్రాణవాయువు అతి తక్కువగా ఉండే తెల్లవారుజామున వేసవి మడుగులను పరీక్షిస్తారు. గుడ్డు, పిల్ల, పెద్ద చేప అనే ఒక్కో దశకు ఎలాంటి చోటు కావాలో తేలుస్తారు. నల్ల గండుమీను వంటివి కొత్తనీరు రాగానే ఏటికి ఎదురెక్కి, పొంగిన నీరు పరుచుకున్న చోట్ల గుడ్లు పెడతాయి. బొచ్చె, రాగండి మామూలుగా నిలవ నీటిలో గుడ్లే పెట్టవు. 1957లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి ఆ కుటుంబానికి చెందిన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు గనుకనే నేడు హేచరీలు నడుస్తున్నాయి. ఆ విజయమే మనకు ఒక బద్ధకాన్ని కూడా అలవాటు చేసిందని మా అభిప్రాయం: ఏటా జలాశయాల్లో చేపపిల్లలను వదిలి, ఫొటో దిగి, మత్స్య సంపదను కాపాడామనుకుంటున్నాం. వదిలేవి చాలావరకు బొచ్చె, రాగండి, మోసు. నదికి సొంతమైన చిన్నచేపల ఊసు ఉండదు.

అడ్డుకట్టలతో నది చేపలకు ముప్పన్న హెచ్చరిక నిన్నటిదీ కాదు. కర్నూలు–కడప (కె.సి.) కాలువ కోసం సుంకేసుల వద్ద ఆనకట్ట వెలసిన కొద్ది కాలానికే, 1873లో, బ్రిటిష్ మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే దేశంలోని మంచినీటి చేపలపై ఇచ్చిన నివేదికలో అడ్డుకట్టలు చేపల రాకపోకలను తెంచుతున్న సంగతిని చర్చించారు. ఆ తర్వాత ఎగువన హోస్పేట వద్ద తుంగభద్ర డ్యామ్, దిగువన శ్రీశైలం జలాశయం వచ్చాయి. ఈ రెంటి నడుమ మిగిలిన పారే నదే కర్నూలు వాకిట్లో ఉన్నది. నగరపు మురుగును మోసుకొని హంద్రీ కలిసేదీ అందులోనే.

తాగునీటికే కటకటలాడే సీమలో చేపలకు నీళ్లడగడం వేళాకోళమని కొందరంటారు. కె.సి. కాలువకు కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చిన 39.9 టీఎంసీలే నిండుగా అందడం లేదని రైతులు మొత్తుకుంటున్న చోట ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే జీవశాస్త్రజ్ఞులు అడిగేవాటిలో ముఖ్యమైనది అదనపు నీరు కాదు, వదిలే తీరు. గేట్లను ఒక్కపెట్టున కాక కొన్ని గంటలపాటు మెట్టుమెట్టుగా దించితే గుంటల్లోని చేప ప్రవాహంలోకి జారుకునే వ్యవధి దొరుకుతుంది. ఎటూ దిగువకు వెళ్లే తొలి వరద నీటిని కొన్ని రోజులు తెంపు లేకుండా పారనిస్తే గుడ్లకు అదను కుదురుతుంది. వేసవిలో లోతైన నాలుగు మడుగులు ఇసుక తవ్వకాలకు, మోటార్లకు బలికాకుండా కాపాడితే మరుసటి ఏటి విత్తనం అక్కడే మిగులుతుంది.

చట్టపరమైన ఆధారాలు లేకపోలేదు. వేసవి సగటు ప్రవాహంలో 15–20 శాతాన్ని నదుల్లో ఉంచాలని 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. కానీ ఎండిన నదిలో 20 శాతం అంటే ఎండిన నదే! ఎగువ గంగకు 2018లో కేంద్రం కాలాన్నిబట్టి 20, 25, 30 శాతాలుగా వేరువేరు ప్రవాహాలను నిర్ణయించింది. కృష్ణా రెండో ట్రైబ్యునల్ 2010 తీర్పులో కనీస ప్రవాహాలకు 16 టీఎంసీలు కేటాయించినా, సుప్రీంకోర్టు ఆదేశాలతో గెజిట్‌కు ఎక్కక అది కాగితం మీదే ఉండిపోయింది.

తీర్పుల కోసం ఎదురుచూడకుండానే జిల్లా స్థాయిలో చేయగలిగినది ఉంది. సాగునీటి సలహా మండలి సమావేశంలో విడుదల తేదీలు ఖరారయ్యే పూటే ఒక మత్స్య జీవశాస్త్రజ్ఞుడిని కూర్చోబెట్టాలి. నది బతకడానికి వదలాల్సిన పర్యావరణ ప్రవాహాలపై పనిచేసిన బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ, మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలు కలిసి సుంకేసుల నుంచి సంగమేశ్వరం దాకా మడుగులను గుర్తించి పటం గీయాలి. ఏ మడుగులో ఏ చేప ఏ నెలలో దొరికేదో పుట్టి మీద బతికిన బెస్తల నోట విని అందులో ఎక్కించాలి. వచ్చే వరదకు ముందే గేట్లు దించే క్రమాన్ని గంటల వారీగా రాసి, ఆ కాగితాన్ని బరాజు నియంత్రణ గదిలో అతికించాలి.