లివర్ ఆపరేషన్‌లో కోత సైజు ఒక్కటే చూస్తే చాలదు

లివర్‌కి ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు డాక్టర్‌ని ముందు అడిగేది "పొట్ట కొయ్యాలా, చిల్లులతో అయిపోతుందా?" అనే. అడగాల్సిందే. పక్కటెముకల కింద జానెడుకి మించి కోత పడ్డ మనిషి దగ్గొచ్చినప్పుడల్లా దిండుని పొట్టకి అదుముకుని కళ్లు గట్టిగా మూసుకోవడం దగ్గరుండి చూసినవాళ్లకి ఆ భయం ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసు.

చిన్న చిల్లుల్లోంచి కెమెరా, సన్నటి పరికరాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ వల్ల లాభం ఉందా అంటే ఉంది. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీ హాస్పిటల్‌లో 2012 నుంచి 2016 దాకా, పేగు క్యాన్సర్ లివర్‌కి పాకిన 280 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి కొందరికి కీహోల్, మిగతావాళ్లకి పొట్ట కోసే ఓపెన్ ఆపరేషన్ చేశారు. కాంప్లికేషన్లు ఓపెన్‌లో 31 శాతం, కీహోల్‌లో 19 శాతం. ఆపరేషన్ అయ్యాక హాస్పిటల్లో ఉండాల్సొచ్చింది ఓపెన్ వాళ్లు 96 గంటలు, కీహోల్ వాళ్లు 53 గంటలే. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మాత్రం కీహోల్‌లో 54, ఓపెన్‌లో 55 శాతం, అంటే ఆయుష్షులో తేడా ఏం రాలేదు, తేడా అంతా కోలుకోవడంలోనే.

కానీ ఆ ట్రయల్‌లో సగం లివర్ తీసేసే పెద్ద ఆపరేషన్లు లేవు, గడ్డ ఉన్నంత మేర చిన్న ముక్క తీసినవే, పైగా అక్కడి సర్జన్లకి అప్పటికే ఏళ్ల అనుభవం ఉంది, ఈ రెండు సంగతులూ పక్కన పెట్టేసి "కీహోలే బెస్ట్" అంటే మేం ఒప్పుకోం. లివర్‌లోకి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం వెళ్తుంది. కీహోల్‌లో పొట్ట లోపల నింపిన గ్యాస్ ఒత్తిడికి చిన్న సిరల్లోంచి కారడం తగ్గే మాట నిజమే, పెద్ద సిర చిరిగితే మాత్రం ఓపెన్‌లో అయితే సర్జన్ వేలితో టక్కున నొక్కిపెడతారు, కీహోల్‌లో స్క్రీన్ చూస్తూ సన్నటి పరికరాలతోనే ఆపాలి.

అందుకే కీహోల్ మధ్యలో ఆపి పొట్ట తెరిచే సర్జన్‌ని చేతకానివాడు అనుకోవద్దు, ఆ టైమ్‌లో అదే సరైన పని. మేం గట్టిగా అడుగుతున్నది ఒకటే: ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, అందులో ఎన్నిట్లో ఓపెన్‌కి మారాల్సొచ్చింది, ఈ లెక్క సంతకం పెట్టించుకునే ముందే పేషెంట్‌కి తెలుగులో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్న భార్యకి "ఓపెన్ చెయ్యాల్సొచ్చిందమ్మా" అన్న మాట అప్పుడే మొదటిసారి చెవిన పడకూడదు.