ఇసుక చూసి వచ్చేస్తే తీరం చూసినట్టేనా?

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఫోన్ నిండా సముద్రం రీల్సే. దిండి వీడియో కింద ‘ఆంధ్రా కేరళ’ అని రాస్తారు. సూర్యలంక ఇసుకలో తీసిన దానికి ‘మన గోవా’ అని పేరు. భీమిలి దారిలో ఎండకి నీళ్లు కాస్త నీలంగా మెరిస్తే అది ‘మినీ మాల్దీవులు’ అయిపోతుంది. ఇంట్లో పిల్లని ఎప్పుడూ పక్కింటి పిల్లతో పోల్చి మెచ్చుకున్నట్టుంటుంది నాకు ఈ వరస. పైకి మెచ్చుకోలే గానీ లోపల చిన్నచూపు ఉంది.

పైగా ఆ పోటీలో మనం గెలిచేది లేదు. ఆంధ్ర తీరం పాత లెక్కలో 974 కిలోమీటర్లు, కొత్తగా కొలిచి 1,053 అని తేల్చారు. అందులో కొండలు సముద్రం దాకా వచ్చి నిలబడేది ముఖ్యంగా విశాఖ చుట్టుపక్కలే. మిగతాది చాలామటుకు నదులు తెచ్చిపోసిన మట్టి, దాని అంచున తిన్నగా సాగిపోయే ఇసుక. వంపులు తక్కువ, నీడ ఇంకా తక్కువ. అల గట్టిగా కొడుతుంది, ఒడ్డు దాటితే లోతు తెలియదు. సెలవు రోజుల్లో ఈతకి దిగిన కుర్రాళ్లు మునిగిపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. రుషికొండలాంటివి ఉన్నాయి, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా 2020లో వచ్చింది, కాదనను. కానీ మన తీరానికున్న అసలు సొత్తు ఇసుక దాటి కాస్త లోపలికి వస్తే కనిపిస్తుంది. కాలవ గట్టున, రైలు పట్టాలు ఆగిపోయే చోట ఉన్న పాత రేవు ఊళ్లు. ప్రభుత్వాలు మారినా పర్యాటకం అనగానే రిసార్టుల మాటే వినిపిస్తుంది గానీ ఈ ఊళ్ల ఊసు పెద్దగా రాదు.

ఇవి అక్కడే ఎందుకు పుట్టాయో చూస్తే సగం కథ అర్థమవుతుంది. ఓడ నేరుగా వచ్చి ఆగే లోతైన రేవు మన తీరంలో అరుదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవలకి ఎక్కి ఏటి మొగలోంచి లోపలికి వచ్చేది. అందుకే పాత రేవు పట్నాల్లో చాలావాటికి ఒక నది తోడుంటుంది. కళింగపట్నానికి వంశధార, భీమునిపట్నానికి గోస్తని, యానానికి గౌతమి, నరసాపురానికి వశిష్ఠ. తర్వాత మొగలు పూడాయి, ఓడలు పెద్దవయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర వేసిన మద్రాసు–కలకత్తా రైలు మార్గం చాలాచోట్ల లోపలి ఊళ్ల మీదుగా పోయింది, దాని వెంటే హైవే కూడా. బెజవాడ, రాజమండ్రి పెరిగాయి. బందరుకీ నరసాపురానికీ మాత్రం బ్రాంచి లైనులో ఆఖరి స్టేషన్ అనే హోదా దక్కింది. ఒకరకంగా ఆ దెబ్బే వాటిని కాపాడింది. కూల్చి కట్టేంత డబ్బు పెద్దగా రాలేదు కాబట్టి కొన్ని పెంకుటిళ్లు, అరుగులు, పేటల పేర్లు మిగిలాయి.

బందరు సంగతే చూడండి. చాలామందికి మచిలీపట్నం అంటే మంగినపూడి బీచ్, ఒక సెల్ఫీ, ఒక కిలో లడ్డు. లడ్డు తినండి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ తర్వాత పేటల్లో తిరగండి. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందులంటే హాలెండు వాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకం మొదలుపెట్టేనాటికి మద్రాసు నగరం ఇంకా పుట్టలేదు. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు తలుపు ఇదే. చరిత్ర పుస్తకంలో నాలుగు పేజీలు తినే సంగతిని ఇక్కడ ఆటో అబ్బాయి రోజుకి పదిసార్లు “వలందపాలెం, వలందపాలెం” అని కేకేస్తుంటాడు. ఆ కేక వినడానికైనా ఊళ్లోకి రావాలి.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. రేవు మళ్లీ పాత దశకి రాలేదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు, అన్నీ ఇక్కడ మొదలైనవే. సముద్రం వర్తకాన్ని తీసుకుపోయాక ఒక ఊరు పత్రికనీ, కాలేజీనీ, బ్యాంకునీ ఎలా పుట్టించగలిగిందన్నది నాకు కోట గోడల కంటే పెద్ద వింత. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు. మంచిదే, పని దొరుకుతుంది. కానీ అది నడిచాక ఈ పేటల్లో ఎన్ని పాత అరుగులు ఉంటాయో మీరే ఊహించుకోండి. చూడాలనుకుంటే తొందరపడండి.

అక్కడికి కూతవేటు దూరంలోనే పెడన, కలంకారీ బట్టల ఊరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. బట్టకి ముందు కరక్కాయ పట్టించడం, ఇనుపముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి నలుపు తీయడం, పటికతో అద్దిన చోట ఎరుపు పట్టేలా కాగులో ఉడకబెట్టడం, మధ్యమధ్య పారే నీళ్లలో జాడించి ఎండలో ఆరేయడం. నీడ తక్కువని నేను పైన విసుక్కున్నాను గానీ, ఈ పనికి ఎండే పెట్టుబడి. వానాకాలంలో పని మందగిస్తుంది. ఒకప్పుడు పారశీక దేశానికి ఓడలెక్కిన బట్ట ఇది. ఆ లతలు, పూల తీగలు కొన్ని ఇంకా అటు వాసనతోనే ఉంటాయి. ఇప్పుడు వీధిలోనే స్క్రీన్ ప్రింటు దానికి పోటీ. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకి తేడా తెలియదు, ధరలో మాత్రం బాగా తెలుస్తుంది. పది నిమిషాలు అచ్చు వేసేవాళ్ల దగ్గర నిలబడి చూసినవాడు చీర కొనేటప్పుడు బేరం కాస్త తక్కువ ఆడతాడు. నా అనుభవం అది.

గోదావరి వైపు పోతే కథ రంగు మారుతుంది. యానాం చుట్టూ ఆంధ్ర, పాలన మాత్రం పుదుచ్చేరిది. ఫ్రెంచివాళ్లు 1954లో వదిలి వెళ్లినా, చట్టప్రకారం బదిలీ 1962లో గానీ పూర్తికాలేదు. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో వచ్చాక, ఆ చట్టం వర్తించని ఈ ఊరికి పెళ్లివారు బళ్లు కట్టుకుని వచ్చేవారు. దానికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. పేరు ముచ్చటగా ఉంది గానీ కారణం ముచ్చటైనది కాదు. ఊరి అందం గురించి రాసేవాళ్లు ఇలాంటివి దాటేస్తుంటారు. నాకు మాత్రం గౌతమి ఒడ్డున సాయంత్రం గాలి ఎంత గుర్తుందో ఇదీ అంతే గుర్తుంది.

యానానికి దగ్గర్లోనే కోరంగి. మడ అడవిలో చెక్క వంతెన మీద నడవడానికి జనం బాగానే వస్తున్నారు. ఊరి పేరు ఎంత దూరం పోయిందో ఎక్కడా రాసిపెట్టినట్టు నాకు కనిపించలేదు. బర్మాకి పోయిన తెలుగువాళ్లందర్నీ అక్కడ ‘కోరంగీలు’ అనేవారు, శ్రీకాకుళం నుంచి పోయినా సరే. ఓడలు కట్టి, బాగుచేసిన రేవు ఇది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన తుడిచిపెట్టేసింది. ‘సైక్లోన్’ అనే ఇంగ్లీషు మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాసిన తుపానుల్లో ఆ 1789 నాటి కోరంగి ఉప్పెన కూడా ఉంది. ఇంత కథ ఉన్నచోట మడ చెట్ల వేళ్ల పక్కన ఫొటో దిగి, కొబ్బరిబోండాం తాగి, కారెక్కేస్తున్నాం.

నరసాపురం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ చూడాల్సింది వీధిలో కనిపించదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఇంటిపని అయ్యాక అరుగు మీద కూర్చుని అల్లే లేసు అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కనున్న మాధవాయపాలెం పేరు మీద ఇంగ్లీషులో ఒక నూలు గుడ్డకి ‘మడపోలం’ అనే పేరు స్థిరపడిపోయింది. వశిష్ఠ దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి పోయే పంటు ఎక్కండి. బస్తాలు, బైకులు, పెళ్లివారు అందరూ ఒకే బల్లకట్టు మీద. కోనసీమలో లగ్జరీ హౌస్‌బోటు కంటే నాకు ఆ పది నిమిషాలే ఇష్టం.

ఇక్కడ నాకే ఒక ఇబ్బంది ఉంది, దాచను. నేను ‘అందం’ అంటున్నది చాలావరకు వెనకబడిపోవడం వల్ల మిగిలినదే. పెంకుటింట్లో ఉన్నవాళ్లకి డాబా కావాలని ఉంటుంది. లేసు అల్లే అమ్మకి కూతురు ఆ పని చేయకూడదని ఉంటుంది. మనం రెండు రోజులు తిరిగి, ‘అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో’ అని వచ్చేస్తాం. ఆ ప్రశాంతతలో సగం పని లేకపోవడమే. కుర్రాళ్లు హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫుకో పోయి ఉంటారు. కాబట్టి ఊరిని ఇలాగే అద్దాల పెట్టెలో ఉంచండి అనడానికి నాకు నోరు రాదు.

రిసార్టు దీనికి జవాబు అనుకోవడం కూడా పొరపాటే. పర్యాటకుడు కాంపౌండు గోడ లోపలే తిని, లోపలే పడుకుని, కారులో తిరిగి పోతే ఊరికి దక్కేవి కాపలా ఉద్యోగాలు, ఊడ్చే పనులు. తీరంలో స్థలం ధర పెరిగితే ముందు కదలాల్సి వచ్చేది వలలు ఆరబెట్టుకునే పాలెం వాళ్లే. సముద్రం కూడా ఊరుకోదు. ఉప్పాడకి వెళ్లి చూడండి. ఒకప్పుడు ఇళ్లున్న చోట ఇప్పుడు అలలున్నాయి. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో స్థానికులు లెక్కపెట్టడం మానేశారు. జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) వేశారు, రాళ్లు పోశారు. అదే ఊళ్లో సముద్రం హోరు వినిపించే ఇళ్లలో జాందానీ నేస్తున్నారు. ఒక చీరకి నెలలు పట్టే రకాలున్నాయి. ఆ ఊరికి కావాల్సింది ఒడ్డున ఇంకో భవనమో, మగ్గం దగ్గరికి వచ్చి కొనేవాడో మీరే చెప్పండి.

నన్నడిగితే ఈ ఊళ్లకి పెట్టాల్సిన ఖర్చు చాలా చిన్నది. శుభ్రమైన బాత్రూముతో ఊళ్లోనే నాలుగు గదులు, కావాలంటే పాత ఇళ్లలోనే. సాయంత్రం ఆరు తర్వాత కూడా తిరిగి వచ్చే బస్సు. డచ్చి సమాధుల దగ్గర తెలుగులో ఒక మంచి బోర్డు. ఒక ఊళ్లో (పేరెందుకులే) అలాంటి చోటికి వెళ్తే గేటుకి తాళం, తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడన్నారు. గంటన్నర వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆ గంటన్నరలో పక్కింటి పెద్దావిడ చెప్పిన కబుర్లు ఏ గైడూ చెప్పలేదు, అది వేరే సంగతి. అలా కబుర్లు చెప్పగలిగే ఇంటర్ పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నెల రోజులు నేర్పి, తిప్పినందుకు డబ్బిచ్చే ఏర్పాటు ఉంటే చాలు.

వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ శాఖ మాట వినకుండా బయల్దేరకండి. చేపల కోసమే వెళ్తుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట బంద్, ఆ రోజుల్లో హోటల్లో ‘ఫ్రెష్’ అంటే ఒకటికి రెండుసార్లు అడగండి. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి.

మొదటిసారి వెళ్తుంటే చీరాలలో దిగండి. శనివారం వస్తే హైదరాబాదు కార్లన్నీ ఓడరేవు, రామాపురం అనే బీచ్ ఊళ్లలోని రిసార్టుల వైపు తిరుగుతాయి. మీరు ఇటు తిరగండి. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టమంటే కట్టం అని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లో నెలల తరబడి కాపురం ఉన్న ఊరిది. పక్కనే వేటపాలెం. జీడిపప్పు కొనుక్కుని, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలోకి వెళ్లి కూర్చోండి. చేనేత ఊరివాళ్లు వందేళ్ల కిందట పెట్టుకున్న లైబ్రరీ. గాంధీగారి చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది, పాత తెలుగు పత్రికలు ఇంకా భద్రంగా ఉన్నాయి.

అక్కడి నుంచి మోటుపల్లి. మార్కో పోలో వర్ణించిన తెలుగు రేవు ఇదేనంటారు. ఇప్పుడు చిన్న పల్లె, ఒక పాత వీరభద్రాలయం. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఈ ఊరిది. గాలివానకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే వెనకటి రాజులు సరుకంతా లాక్కునేవారు, మేము మాత్రం ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి వచ్చిన ఈ వర్తకుల మీద దయతో, సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో రాయించాడు. దూరం నుంచి వచ్చేవాడికి భరోసా ఎలా ఇవ్వాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఆలోచించిన తీరం అన్నమాట.

మోటుపల్లికి చీరాల నుంచి ఆటో మాట్లాడుకోవడం మేలు. వెళ్లాక దాన్ని పంపేయకండి, తిరిగి రావడానికి ఇంకోటి దొరక్కపోవచ్చు.