ఐదొందల డిగ్రీల ఆత్మగౌరవం

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెరళ్ళలో ఓ తీవ్రమైన సమస్య తలెత్తింది. వీసా గొడవలు, పిల్లల కాలేజీ ఫీజులు దీని ముందు దిగదుడుపే. పొట్టు గుళికలతో మండే పెల్లెట్ గ్రిల్ అనే పొయ్యి మీద మాంసం మాడడం లేదు.

మాడకపోతే సంతోషించాలి గానీ సమస్య ఏమిటని మా అమ్మ అడిగింది. ఆవిడ జీవితమంతా కూర అడుగంటకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. కానీ ఇక్కడ స్టేక్ అనే మందపాటి మాంసం ముక్క మీద నల్లటి చారలు పడకపోతే దాన్ని వండినట్టు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఈ యంత్రాన్ని ఒరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో జో ట్రేగర్ అనే ఆయన తయారుచేసి 1986లో పేటెంట్ తీసుకున్నాడు. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన గుళికలే పెల్లెట్లు. మరలాంటి పొడవాటి కడ్డీ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఫ్యాన్ ఊదుతుంది. ఎప్పుడు ఎన్ని తొయ్యాలో కంప్యూటర్ చెబుతుంది. ఆ నిప్పుకీ మాంసానికీ మధ్య ఇనపరేకు అడ్డం ఉంటుంది, పెళ్ళిలో అడ్డుతెరలాగ. కాకపోతే ఇక్కడ ముహూర్తం ఎన్నటికీ రాదు.

రాజమండ్రిలో మా అమ్మమ్మకీ ఓ పొట్టు పొయ్యి ఉండేది. మధ్యలో సీసా నిలబెట్టి, సామిల్లు నుంచి తెచ్చిన పొట్టుని చుట్టూ కూరి, సీసాని మెల్లగా పైకి లాగేసేది. కింద నిప్పు పెడితే ఓ పూట వంట అయిపోయేది. అదే పొట్టుకి వైఫై తగిలించి ఇస్తే నేను పన్నెండొందల డాలర్లు పెట్టి కొన్నాను.

225 ఫారెన్‌హీట్‌లో పన్నెండు గంటలు బ్రిస్కెట్, అంటే ఎద్దు రొమ్ము మాంసం, వండమంటే ఇది చక్కగా వండుతుంది. దీన్ని చేసిందే అందుకు. మనకేమో అరగంటలో చాప్స్, అంటే ఎముకతో కోసిన ముక్కలు, కావాలి. మీట 500కి తిప్పుతాం, అంటే 260 సెల్సియస్. మాంసం ఎర్రబడడానికి 140 సెల్సియస్ దాటితే చాలంటారు, మరి ఎందుకు ఎర్రబడదు? గాలి వేడి వేరు, ఇనుము వేడి వేరు. వేడి ఓవెన్‌లో చెయ్యి పెట్టి క్షణంలో తీసెయ్యొచ్చు. అదే లోపలున్న ట్రేని ముట్టుకుంటే మనకొచ్చిన తెలుగు తిట్లన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. పైగా వేడి పెంచేకొద్దీ పెల్లెట్లు శుభ్రంగా కాలిపోయి పొగ తగ్గిపోతుంది. అంటే మంట కోసం పొగని వదులుకున్నాక మంటా దక్కదు.

జూలై 4న మా ఇంటికి పదకొండు మంది భోజనానికి వచ్చారు. గ్రిల్ మీద ల్యాంబ్ చాప్స్ నలభై నిమిషాలుగా బూడిదరంగులో ప్రశాంతంగా పడుకుని ఉన్నాయి. మా బావమరిది రెండు నిమిషాలకోసారి మూతెత్తి చూస్తున్నాడు, ఎత్తినప్పుడల్లా వేడి పడిపోతోంది. "బావా, ఇది గ్రిల్లా, ఏసీయా?" అన్నాడు. అది భరించాను. కానీ మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, అందరూ వినేలా, "ఏమండీ, పోనీ ఓవెన్లో పెట్టెయ్యనా?" అంది.

దేవుడు ఆ మాట విన్నట్టున్నాడు. మూడు వారాలుగా నేను కడగని రేకు మీద పేరుకున్న కొవ్వు అంటుకుంది. అలాంటప్పుడు మూత తియ్యకుండా స్విచ్ ఆపెయ్యాలి. మా బావమరిది మూత తీశాడు. గాలి తగిలేసరికి మంట వాడి చొక్కా గుండీల దాకా లేచింది. తెర మీద అతివేడి అని అక్షరాలు పడ్డాయి, యంత్రం దానంతటదే ఆగిపోయింది. మంట కోసం కొన్న పొయ్యి, తీరా మంట వచ్చాక అస్త్రసన్యాసం చేసింది. చాప్స్ పైన బొగ్గు, లోపల ఎండిన అట్ట. చివరికి అందరం పప్పు, ఆవకాయతో తిన్నాం.

ఆ తర్వాత నాకు జ్ఞానోదయమైంది. ముందు 225లో, మాంసం లోపలి వేడి 115 ఫారెన్‌హీట్ దాకా వచ్చేవరకు నెమ్మదిగా వండాలి. దాన్ని పక్కన పెట్టి, గ్రిల్‌లో ఇనప పెనం ఉంచి, 500లో అరగంట కాలనివ్వాలి. అప్పుడు మాంసం దాని మీద వేసి అటో నిమిషం, ఇటో నిమిషం. చుయ్‌మంటుంది, ఎర్రబడుతుంది, ఎవరికైనా చూపించుకోవచ్చు. వైఫై, ఫ్యాన్, కంప్యూటర్ కలిసి చెయ్యలేని పనిని మా అమ్మ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన దోసెల పెనం చేసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ, "పెనం ఏదిరా?" అంది. పెరట్లో ఉందన్నాను. తెచ్చి ఇస్తే ఒకసారి వాసన చూసి తిరిగి నా చేతిలోనే పెట్టింది. "ఇది ఇంక అక్కడే ఉండనీ. దోసెలూ అక్కడే పోసుకో."

అందుకని ఇప్పుడు ప్రతి శనివారం పొద్దున ఆరున్నరకి పిండిగిన్నె పట్టుకుని పెరట్లో నిలబడుతున్నాను. 310... 340... 365. జేబులో ఫోన్ మోగింది. పెల్లెట్లు అయిపోవస్తున్నాయట.